ఓటింగు యంత్రము: వాడుకలోని గుణదోషములు

యంత్రములను గూర్చి వ్రాయువారు సాధారణముగా వాటి లోపలి భాగములను గూర్చియే వ్రాయుదురు. విద్యుత్తు ఎట్లు ప్రవహించుచున్నది, లెక్క ఎట్లు నిలువయుండుచున్నది అని వివరింతురు. కాని ప్రతి యంత్రమునకును మరియొక ముఖము కలదు. అది మనిషి చేయి తగులు ముఖము. మీట ఎక్కడ ఉండవలెను? దానిని నొక్కినప్పుడు ఏమి కనబడవలెను, ఏమి వినబడవలెను? పొరపాటున నొక్కినచో ఏమి జరుగవలెను? యంత్రము మంచిదైనను, ఈ ప్రశ్నలకు సరియైన సమాధానము లేనిచో అది వాడువానికి చెడ్డదే అగును.

ఈ సమాధానములు వెదకువారిని నేడు ఇంటరాక్షన్ డిజైనర్లు అనుచున్నారు. ఈ పేరు 1980 దశాబ్దపు మధ్యకాలమున బిల్ మోగ్రిడ్జ్, బిల్ వెర్‌ప్లాంక్ అను ఇరువురు వాడుకలోనికి తెచ్చినది. గ్రిడ్ కంపాస్ అను మడత కంప్యూటరు 1982లో వెలువడినది. దాని పెట్టెకు రూపకల్పన చేసిన మోగ్రిడ్జ్, ఆ కంప్యూటరును తానే వాడి చూచినప్పుడు, పెట్టె అందముకన్న తెరపై జరుగు వ్యవహారమే తన మనస్సును పట్టుకొన్నదని గ్రహించినాడు. వస్తువు రూపము ఒకటి, వస్తువుతో మనిషి వ్యవహారము మరొకటి. ఈ రెండవదానికి ప్రత్యేకమైన నేర్పు కావలెనని అప్పుడు తేలినది. 1988లో డొనాల్డ్ నార్మన్ అను మనస్తత్వ శాస్త్రవేత్త నిత్యజీవితములోని వస్తువులను గూర్చి వ్రాసిన గ్రంథము ఈ నేర్పునకు శాస్త్రపు పునాది కల్పించినది.

ఈ వృత్తి ఫోనులకు, కంప్యూటరు తెరలకు మాత్రమే సంబంధించినదని పలువురు తలంతురు. అది సరికాదు. మన దేశములో కోట్లాది ప్రజల చేతికి అందినదియు, ఫోను తెరచి ఎరుగనివారు సైతము వాడినదియు అగు వస్తువు ఒకటి కలదు. అదే ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రము. ఇంటరాక్షన్ డిజైనరు పనిని, దాని విలువను తూచుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

వాడువారు ఎవరు?

డిజైనరు మొదట వేసికొనవలసిన ప్రశ్న ఇదియే. విశాఖపట్టణము జిల్లాలోని పద్మనాభం మండలమును తీసికొనుడు. అనంతపద్మనాభస్వామి కొండ క్రింద ఉన్న ఈ ప్రాంతము భీమునిపట్నం శాసనసభా నియోజకవర్గములో చేరినది. అదే నియోజకవర్గములో ఆనందపురపు పల్లెలు, భీమిలి తీరపు జాలరి పేటలు, మధురవాడ వైపు పెరిగిన నగర భాగములు కూడ కలవు. రోజంతయు కంప్యూటరు ముందు కూర్చుండు ఉద్యోగి, వరినాట్లు వేయు కూలి స్త్రీ, చూపు మందగించిన ముసలివాడు, ఆ యేడే ఓటు వచ్చిన విద్యార్థి - అందరును ఒకే రకపు యంత్రము ముందు నిలువవలెను. అందరికిని చాల కొద్ది సమయమే. ప్రక్కన నిలిచి చూపించువాడు ఉండరాదు. ఏలయన ఓటు రహస్యము. ఐదేండ్ల కొకసారి మాత్రమే ముట్టు వస్తువు గనుక అభ్యాసముకూడ ఉండదు. ఇంత కఠినమైన నియమములు మరే యంత్రమునకును లేవు.

స్వతంత్ర భారతము ఈ చిక్కును మొదటినుండియు ఎరుగును. 1951 జనాభా లెక్కల ప్రకారము అక్షరాస్యులు నూటికి 18 మంది. ఓటర్లు 17 కోట్లకు పైగా ఉండిరి. అందుచేత 1951-52 ఎన్నికలలో ప్రతి అభ్యర్థికిని వేరువేరు పెట్టెలు పెట్టి, వాటిపై ఎన్నికల గుర్తులు అంటించినారు. ఓటరు చదువనక్కరలేదు, వ్రాయనక్కరలేదు. చీటీని తనకు కావలసిన గుర్తుగల పెట్టెలో వేసిన చాలును. 1957లోను ఇదే పద్ధతి. 1962 సాధారణ ఎన్నికలనాటికి ఒకే బ్యాలెట్ పత్రముపై ముద్ర వేయు పద్ధతి స్థిరపడినది. ఆ ముద్రలోను యుక్తి కలదు. కాగితమును మడచినప్పుడు తడి సిరా రెండవ వైపునకు అంటుకొనును. ముద్రలోని బాణపు గీతలు ఒకే వైపునకు తిరిగియుండుటచే, ఏది అసలు గుర్తో ఏది అంటుకొన్న గుర్తో లెక్కించువారు తెలిసికొనగలరు. ఇంటరాక్షన్ డిజైను అను పేరు పుట్టక ముందే ఆ నేర్పు ఇక్కడ పనిచేసినదనుటకు ఇవి సాక్ష్యములు.

యంత్రము పుట్టుక

ఓటింగునకు యంత్రమును వాడవలెనను ఆలోచన ఎన్నికల కమిషనుకు 1977లో కలిగినది. దానిని రూపొందించు భారము హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు అప్పగింపబడినది. 1979లో నమూనా తయారైనది. 1980 ఆగష్టు 6వ తేదీన దానిని రాజకీయ పక్షములకు ప్రదర్శించినారు. పిమ్మట బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థకూడ ఈ పనిలో చేరినది. 1982 మే నెలలో కేరళలోని పరూరు నియోజకవర్గమున 50 పోలింగు కేంద్రములలో యంత్రములను వాడినారు. అప్పటికి చట్టములో యంత్రమునకు తావు లేదు గనుక, 1984లో సుప్రీంకోర్టు ఆ వాడుకను కొట్టివేసినది. 1988 డిసెంబరులో చట్టమును సవరించినారు. 2004 లోక్‌సభ ఎన్నికలనాటికి 543 స్థానములలోను యంత్రములే వచ్చినవి.

యంత్రపు బాహ్యరూపమును తీర్చినది బొంబాయి ఐ.ఐ.టి.లోని పారిశ్రామిక డిజైను కేంద్రపు ఆచార్యులు ఎ.జి. రావు, రవి పూవయ్య. ఎలక్ట్రానిక్ వలయములు తెలిసినవారు మాత్రమే కాక, మనిషి చేతిని, కంటిని పరిశీలించు వారును ఇందులో పాల్గొన్నారని దీనివలన తెలియుచున్నది.

ఏ గుణము ఎక్కడ?

యంత్రము రెండు పెట్టెలు. ఒకటి పోలింగు అధికారి దగ్గర ఉండు కంట్రోలు యూనిట్. రెండవది ఓటరు ముందుండు బ్యాలెట్ యూనిట్. రెండింటిని ఐదు మీటర్ల తీగ కలుపుచున్నది. అధికారి తన పెట్టెపై మీట నొక్కినగాని ఓటరు పెట్టె మేల్కొనదు. మేల్కొనగానే పచ్చదీపము వెలుగును. ఓటరు తనకు కావలసిన పేరు, గుర్తు ప్రక్కనున్న నీలి మీట నొక్కినంతనే ఆ ప్రక్క ఎర్రదీపము వెలుగును. నిడివిగా బీప్ అను మోత వినబడును. అంతటితో ఆ పెట్టె మరల నిద్రించును.

దీనిలోని మొదటి గుణము సామీప్యము. పేరు, గుర్తు, దీపము, మీట - నాలుగును ఒకే వరుసలో ఉన్నవి. ఏ పేరునకు ఏ మీటయో ఆలోచించనక్కరలేదు. ఇది సామాన్యమైన విషయముగా కనబడును. కాని ఇది తప్పినచో ఎంత కీడు కలుగునో 2000 సంవత్సరమున అమెరికా చూచినది. ఆ యేటి అధ్యక్ష ఎన్నికలలో ఫ్లోరిడా రాష్ట్రపు పామ్ బీచ్ కౌంటీలో, ముసలి ఓటర్లకు అక్షరములు పెద్దవిగా కనబడవలెనను సదుద్దేశముతో పేర్లను ఎదురెదురు పుటలలో ముద్రించి, గుచ్చు రంధ్రములను నడుమ ఒకే వరుసలో పెట్టినారు. ఎడమ పుటలో రెండవ పేరు అల్ గోర్. కాని రెండవ రంధ్రము కుడి పుటలోని పాట్ బుకానన్‌ది. ఆ ఒక్క కౌంటీలో బుకానన్‌కు 3,407 ఓట్లు వచ్చినవి. రాష్ట్రమంతటిలోను గెలుపోటముల తేడా 537 ఓట్లు మాత్రమే. సదుద్దేశము డిజైను కాదు. తయారైన దానిని సామాన్యుల చేతికిచ్చి పరీక్షించి చూచుటయే డిజైను.

రెండవ గుణము ప్రత్యుత్తరము. మీట నొక్కినవానికి యంత్రము వెంటనే బదులు చెప్పుచున్నది: కంటికి దీపము, చెవికి మోత. ఈ మోత ముగ్గురికి పనికివచ్చుచున్నది. తన పని ముగిసినదని ఓటరునకు తెలియును. తరువాతి వానిని పంపవచ్చునని అధికారికి తెలియును. ఒక ఓటు మాత్రమే పడినదని గదిలో కూర్చున్న అభ్యర్థుల ఏజెంట్లకు తెలియును. ఓటు ఎవరికో మాత్రము ఎవరికిని తెలియదు. రహస్యమును కాపాడుచునే బహిరంగముగా లెక్క చెప్పు ఈ చిన్న మోత యంత్రములోని ఉత్తమమైన కల్పన అనవచ్చును.

మూడవ గుణము నిరోధము. ఒకసారి నొక్కిన తరువాత ఎన్నిసార్లు నొక్కినను రెండవ ఓటు పడదు. అభ్యర్థులు లేని మీటలను మూసివేయుదురు. అధికారి పెట్టెపై పోలింగు ముగింపు మీట నొక్కిన తరువాత ఒక్క ఓటయినను చేరదు. అది నొక్కక ఫలితము వెలువడదు. తప్పు చేయవద్దని బోధించుటకంటె తప్పు చేయుటకు వీలు లేకుండ చేయుట మేలు.

ఎక్కడ లోపము?

యంత్రములో ఎవరైన రహస్యముగా జోక్యము చేసికొనగలరా అను వివాదము వేరు. ఇక్కడ విచారించునది మనిషికిని యంత్రమునకును మధ్య జరుగు వ్యవహారమును మాత్రమే. ఆ దృష్టితో చూచినను లోపములు తక్కువ కావు.

మొదటిది, యంత్రము వలన చెల్లని ఓట్లు పోయినవను ప్రశంస. కాగితముపై రెండు గుర్తుల నడుమ ముద్ర వేసినచో ఆ ఓటు చెల్లకపోవును. యంత్రములో ఆ మాటే లేదు. నిజమే. కాని పొరపాటు పోయినదా, లేక కనబడకుండ పోయినదా? కాగితముపై పొరపాటు చేసినవాని ఓటు చెల్లని ఓట్ల లెక్కలో తేలును. యంత్రముపై వ్రేలు జారి ప్రక్క మీటను నొక్కినవాని ఓటు చెల్లిన ఓటుగానే, మరియొకరి ఖాతాలో చేరును. దానిని లెక్కించుటకు మార్గమే లేదు. పూర్వము పొరపాటున పాడుచేసిన బ్యాలెట్ పత్రమును అధికారికి తిరిగి యిచ్చి మరియొకటి పొందుటకు 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనలు అవకాశమిచ్చినవి. యంత్రములో నొక్కినది నొక్కినదే. చేసిన పనిని దిద్దుకొను వీలు ఉండవలెననునది ఇంటరాక్షన్ డిజైనులోని ప్రాథమిక సూత్రము. ఇచ్చట దానిని వదలుకొన్నారు. వేగము, సరళత అను లాభములకై చెల్లించిన మూల్యమిది. మూల్యము తగినదే కావచ్చును. కాని మూల్యమే లేనట్లు చెప్పుట విమర్శకు నిలువదు.

రెండవది, ఎర్రదీపము చెప్పిన బదులులోని కొరత. ఏ మీట నొక్కబడినదో దీపము చెప్పును. లోపల ఏది నమోదైనదో అది చెప్పజాలదు. సామాన్య ఓటరు దృష్టిలో ఈ రెండును ఒకటే. సందేహించు ఓటరు దృష్టిలో రెండును వేరు. ఈ కొరతను తీర్చుటకే వి.వి.ప్యాట్ అను ముద్రణ యంత్రము వచ్చినది. 2013 సెప్టెంబరులో నాగాలాండులోని నోక్సెన్‌లో దానిని మొదట వాడినారు. 2019 సాధారణ ఎన్నికలలో దేశమంతట పెట్టినారు. అభ్యర్థి క్రమసంఖ్య, పేరు, గుర్తు గల చీటీ అద్దము వెనుక ఏడు సెకండ్లు కనబడి, తెగి పెట్టెలో పడును.

ఆలోచన మంచిది. ఏడు సెకండ్లు ఎవరికి చాలును? చదువు వేగముగా వచ్చినవానికి, చీటీకై ఎదురుచూచువానికి చాలును. చీటీ ఒకటి వచ్చునని తెలియనివానికి, అది ఎక్కడ వచ్చునో వెదకువానికి, కంటి అద్దములు ఇంట మరచినవానికి చాలదు. చీటీలో తేడా కలదని ఓటరు అన్నచో, అధికారి అతనిచే వాఙ్మూలము వ్రాయించుకొని, అబద్ధమైనచో శిక్ష కలదని హెచ్చరించి, అందరి యెదుట పరీక్షగా మరియొక ఓటు వేయించును. ఆ రెండవ ఓటు సరిగా ముద్రితమైనచో, మొదటి ఓటు సంగతి ఏమి తేలినట్లు? ఫిర్యాదు చేయువాడే దోషిగా నిలువవలసివచ్చు ఏర్పాటులో పద్మనాభపు కూలి స్త్రీ నోరు విప్పునా? వృథా ఫిర్యాదులను అరికట్టుట అవసరమే. కాని భయపెట్టి నిశ్శబ్దము సంపాదించి, ఫిర్యాదులు లేవు గనుక లోపము లేదనుట తర్కము కాదు.

మూడవది, అంధుల సంగతి. మీటల ప్రక్క బ్రెయిలీ అంకెలను 2004లో అప్పటి ఉమ్మడి రాష్ట్రములోనే, ఆసిఫ్‌నగర్ ఉపఎన్నికలో ప్రయోగించి చూచినారు. తరువాత అంతటను వచ్చినవి. బ్రెయిలీలో ముద్రించిన అభ్యర్థుల జాబితాను చదివి, అంకెను తడిమి అంధుడు స్వయముగా ఓటు వేయవచ్చును. ఇది మెచ్చదగినది. కాని తరువాత వచ్చిన వి.వి.ప్యాట్ చీటీ కంటికి మాత్రమే బదులు చెప్పును. చూపున్నవానికి కలిగిన సరిచూచుకొను హక్కు అంధునికి కలుగలేదు. అమెరికాలో 2002 నాటి చట్టము ప్రతి పోలింగు కేంద్రములోను అంధులు స్వయముగా, రహస్యముగా ఓటు వేయగల సాధనమొకటి ఉండవలెనని విధించినది. చెవికి తగిలించుకొను చిన్న పరికరము ద్వారా చీటీలోని పేరు వినిపించుట నేటి విజ్ఞానమునకు అసాధ్యము కాదు.

నాలుగవది, సంఖ్య పెరిగినప్పటి అవస్థ. ఒక బ్యాలెట్ యూనిట్‌పై 16 మీటలు. నోటాకు ఒకటి పోగా 15 మంది అభ్యర్థులు. అంతవరకు యంత్రము ముచ్చటగా ఉండును. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానమునకు, ఫ్లోరైడు నీటి సమస్యను దేశమునకు చాటుటకై, 480 మంది పోటీ చేసినప్పుడు బ్యాలెట్ పత్రము పుస్తకమంత అయినది. 2019లో నిజామాబాదులో పసుపు, ఎర్రజొన్న రైతులు పెద్దసంఖ్యలో నామినేషన్లు వేయగా అభ్యర్థులు 185 మంది అయినారు. యంత్రము ఓడిపోలేదు, 12 బ్యాలెట్ యూనిట్లను వరుసగా కలిపినారు. విద్యుత్తు లెక్క ప్రకారము ఇది విజయము. ఓటరు కంటికి మాత్రము ఇది పండ్రెండు పలకలపై ఒక్క గుర్తును వెదకు పని. యంత్రపు శక్తి పెరిగినంత మాత్రమున మనిషి శక్తి పెరుగదు. రెండింటిలో తక్కువదానినిబట్టియే యంత్రపు హద్దును నిర్ణయింపవలెను.

గుర్తుల పోలికయు ఇట్టిదే. 2022 మునుగోడు ఉపఎన్నికలో రోడ్డు రోలరు గుర్తు కారు గుర్తును పోలియున్నదని ఒక పక్షము అభ్యంతరము తెలుపగా పెద్ద వివాదము చెలరేగినది. పోలిక ఎంత, ఎందరు పొరబడుదురు అనునవి వాదములచే తేలు విషయములు కావు. నూరుగురు వృద్ధులకు, పోలింగు అరలోనుండు వెలుతురులో, ఆ రెండు బొమ్మలను చూపినచో ఒక్క పూటలో తేలును. డిజైనరు చేయునది అట్టి పరీక్షయే.

ఐదవది అధికారి వైపు లోపము. పోలింగు ఆరంభమునకు ముందు ఏజెంట్ల యెదుట నమూనా ఓట్లు వేసి, ఫలితము చూపి, వాటిని తుడిచివేయవలెను. తెల్లవారుజామున తొందరలో తుడిచివేయుట మరచిన ఉదంతములు కలవు. అట్టి యంత్రములను లెక్కింపులో వేరుగా ఉంచుటకు కమిషను ప్రత్యేకముగా ఆదేశములు ఈయవలసివచ్చినది. నమూనా ఓటునకును నిజమైన ఓటునకును యంత్రము భేదము చూపకపోవుటయే దీనికి మూలము. ఓటరు వైపు అంత చక్కగా పాటించిన నిరోధ సూత్రమును అధికారి వైపు ఇచ్చట విడిచినారు. మరచినవానిని దండించుట సులభము. మరపునకు తావులేని యంత్రమును చేయుట డిజైనరు పని.

దిద్దుబాటు

లోపములు దిద్దుకొనరానివి కావు. 2015లో అభ్యర్థి ఛాయాచిత్రము యంత్రముపై పత్రములోనికి వచ్చినది. ఒకే పేరుగల అభ్యర్థులను వేరుపరచుకొనుటకు అది తోడ్పడినది. 2025 సెప్టెంబరులో కమిషను రంగుల ఛాయాచిత్రములను, 30 పాయింట్ల దళసరి అంకెలను, అన్ని పేర్లకును ఒకే తీరు పెద్ద అక్షరములను నిర్ణయించి, ఆ యేటి బీహారు ఎన్నికలతో అమలు ఆరంభించినది. వలయములు మార్చలేదు, కాగితమును మార్చినారు. ఖర్చు స్వల్పము, ఫలము పెద్దది. నలుబది యేండ్ల క్రిందటనే ఇది సాధ్యమై యుండెను. కంటిచూపును గూర్చి అడుగువారు లేకపోవుటచే ఆలస్యమైనది.

2024 మే 13న పద్మనాభం ఓటర్లు, రాష్ట్రమందలి ఇతరులవలెనే, ఒకే రోజున లోక్‌సభకును శాసనసభకును రెండు ఓట్లు వేసినారు. ఒకదాని పత్రము తెలుపు, మరొకదానిది గులాబిరంగు. రంగు భేదము మంచి యుక్తి. అది ఎందరికి తెలిసినది, ఎందరు మొదటి మీటతోనే పని ముగిసినదనుకొన్నారు అనునది పల్లెలో అడిగి తెలిసికొనవలసిన విషయము. ఎన్నికలకు ముందు యంత్రములను ఊరూర ప్రదర్శించు ఆచారము కలదు. ఆ ప్రదర్శనలలో ప్రజలకు నేర్పుటతోపాటు ప్రజలనుండి నేర్చుకొనుటయు జరిగినచో, ఎవరు ఎక్కడ తడబడినారో వ్రాసికొన్నచో, తరువాతి యంత్రమునకు అదియే పునాది కాగలదు.

ఇంటరాక్షన్ డిజైనరునకు కావలసిన నేర్పు దీనినిబట్టి తెలియుచున్నది. బొమ్మ గీయుట, కంప్యూటరు భాష నేర్చుట అందులో కొంత భాగమే. తనకు తెలిసినది ఎదుటివానికి తెలియదని గుర్తుంచుకొనుట, తడబాటును తెలివితక్కువతనముగా గాక సాక్ష్యముగా చూచుట, ఒక సౌకర్యమునకై దేనిని వదలుకొనుచున్నామో దాచక చెప్పుట - ఇవి ముఖ్యమైనవి. ఓటింగు యంత్రము ఈ పరీక్షలో చాలవరకు నెగ్గినది. తక్కిన భాగములో నెగ్గినప్పుడే, అక్షరము రాని ఓటరును, చూపులేని ఓటరును, ఎవరి సాయము లేకుండ, ఎవరికి భయపడకుండ, తన ఓటు తాను అనుకొన్నచోటనే పడినదని తెలిసి ఇంటికి పోగలరు.